సముద్రం కథ ఎవరు చెప్పాలి?

ప్రపంచ సముద్ర దినోత్సవం రోజున విశాఖపట్నంలో చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసి పెట్టాం.

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకి, వెనక నిలబడ్డ పిల్లలకి, ముఖ్యంగా పెదజాలారిపేట నుంచి, ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చిన అన్నలకి, అమ్మలకి నమస్కారం. అమ్మా, అలా గుమ్మం దగ్గరే కూర్చోకండి, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి. ఈ సభ మీది.

జూన్ 8న ఈ సభ జరగడం మనకు కలిసొచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకి, ఇంజన్ పడవలకి వేట నిషేధం. 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆపుతారు. ఇంకో వారం పోతే ఈ అన్నల్లో సగం మంది మనకి దొరకరు, వేటలో ఉంటారు. అందుకే నేను మాట్లాడేది త్వరగా ముగించి, వాళ్ళ మాట వినాలని నా ఆశ.

ఒక ప్రశ్న అడుగుతాను. సముద్రం గురించి మీ ఇంట్లో చివరిసారి ఎప్పుడు మాట్లాడుకున్నారు? ఆలోచించండి. తుఫాను వచ్చినప్పుడు, అంతేనా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మాట్లాడుకున్నాం. 2018లో తిత్లీ వచ్చి పలాస వైపు కొబ్బరి, జీడి తోటలన్నీ పడగొట్టినప్పుడు మాట్లాడుకున్నాం. అల్పపీడనం, వాయుగుండం, ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద హెచ్చరిక. ఆ నాలుగు రోజులూ టీవీ నిండా సముద్రమే. ఐదో రోజు మర్చిపోతాం. మిగతా రోజుల్లో సాయంత్రం బీచ్‌కి వెళ్తాం, మొక్కజొన్న కంకి తింటాం, కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి టికెట్టు కొంటాం, ఇంటికొస్తాం. తప్పని అనడం లేదు. కానీ ఒడ్డున ఇంతమందిమి బతుకుతూ, సముద్రం గురించి మనకి తెలిసింది ఇంతేనా?

బెస్తవాళ్ళ సంగతి వేరు, మాకు సముద్రంతో ఏం పని అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. రాజు తన డబ్బు మీద ఏ బొమ్మ వేయిస్తాడు? తన రాజ్యానికి గొప్ప అనుకున్నదే కదా. తర్వాత కాకతీయ గణపతిదేవుడు. ఓరుగల్లులో కూర్చున్న రాజు ఆయన. 1244లో మోటుపల్లిలో, ఇప్పటి బాపట్ల జిల్లాలో, ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయ శాసనం అంటాం. తుఫానుకు పగిలిపోయిన ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని సరుకంతా పాత రాజులు లాక్కునేవాళ్ళు. మేం సుంకం తప్ప ఇంకేం తీసుకోం, భయం లేకుండా రండి అని సముద్ర వ్యాపారులకి మాటిచ్చాడు. ప్రాణం కంటే ధనమే ప్రియమని సముద్రానికి ఎక్కేవాళ్ళ మీద దయతో అని అందులో రాయించాడు. ఎంత ఎరిగినవాడు రాయించిన మాట అది! ఇక మన ముత్తాతల కాలానికి వస్తే, ఈ జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వేలమంది ఓడెక్కి రంగూన్ వెళ్ళారు. మన వైపు 'రంగం పోయాడు' అనేవాళ్ళు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళనే కోరంగీలు అన్నారు. ఆ కోరంగి ఇవాళ కాకినాడ పక్కన మడ అడవుల మధ్య ఒక చిన్న ఊరు. 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెన వచ్చి రేవును తుడిచేసింది. అంటే సముద్రం కథ ఒక్క కులానిదో, ఒక్క పేటదో అనుకోవడం ఈమధ్య వచ్చిన అలవాటు.

సరే, అసలు విషయానికి వస్తాను. ఇక్కడికి దగ్గర్లోని ఒక పేటలో ఓ పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉంటే మాట కలిపాను. 'లోపల, నేల కనీకనిపించని చోట, నిన్న వేసిన చోటే మళ్ళీ వల ఎలా వేస్తారు తాతా?' అని అడిగాను. ఆయన లోపలికి కేకేసి ఒక స్టీలు గ్లాసు తెప్పించాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. గ్లాసు దూరంగా పెట్టి, అగ్గిపెట్టె దగ్గరగా పెట్టాడు. 'వంగి చూడు బాబూ' అన్నాడు. చూశాను. 'ఎనకున్నది సింహాచలం కొండ. ముందున్నది ఒడ్డు మీది గుర్తు. రెండూ ఒకదాని మీదకి ఒకటి వచ్చాయా? నువ్వు ఆ గీత మీద ఉన్నట్టు. ఇప్పుడు యారాడ కొండ వైపు తిరుగు. అక్కడ కూడా అలాటి జత ఒకటి చూసుకో. రెండు గీతలూ ఎక్కడ కలిస్తే అక్కడే రాయి ఉంటాది. రాయి దగ్గరే చేప ఉంటాది. నేల మీద నీకు అడ్రస్ ఉన్నట్టే నీళ్ళలోనూ అడ్రస్ ఉంటాది' అన్నాడు.

రాయి అంటే సముద్రం అడుగున ఉండే రాతి దిబ్బ. అలాంటి ఒక్కో రాయికీ ఒక్కో పేరుంది. కొన్నిటికి అమ్మవారి పేరు, కొన్నిటికి మొదట కనిపెట్టినవాడి పేరు. ఆయన వరసగా చెప్పుకుంటూ పోయాడు. పక్కనే కూర్చున్న మనవడు నోరు తెరుచుకుని వింటున్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు ఆ అబ్బాయి. 'ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేం తాతా?' అన్నాడు. ఆయన ఏమన్నాడో తెలుసా? 'నువ్వెప్పుడడిగావురా?'

జీపీఎస్ ఉంది కదా, ఈ గొడవంతా ఎందుకు అని మీరనొచ్చు. జీపీఎస్ మంచిదే. దానివల్ల పొగమంచులో, రాత్రిపూట ప్రాణాలు దక్కుతున్నాయి. నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ జీపీఎస్‌లో అంకెలు ఉంటాయి. ఆ రాయి దగ్గర ముప్పై ఏళ్ళ కింద ఏ చేప పడేది, ఇప్పుడేం పడుతోంది, ఏ నెలలో నీరు ఎటు లాగుతుంది, ఎవరి తెప్ప అక్కడ తిరగబడింది, ఇవి అంకెల్లో ఉండవు. పేరుతో పాటు ఉంటాయి. పేరు పోతే అవన్నీ పోతాయి. ఇంకో సంగతి కూడా చూడండి. బీచ్ రోడ్డు పొడవునా ఎత్తు భవనాలు లేస్తున్నాయి. ఆ పాత జతల్లో ఎన్ని ఇప్పటికీ సముద్రంలోంచి కనిపిస్తున్నాయి? ఎవరైనా అడిగారా? ప్లాను పాసు చేసేటప్పుడు ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. తట్టదు, ఎందుకంటే ఆ కథ ఆఫీసు దాకా రాలేదు.

కథకి అంత బలం ఉందా అంటారా? ఉంది. ఇండోనేషియాలో సిమెలూ అని ఒక దీవి ఉంది. 1907లో అక్కడ భూకంపం, వెంటనే సునామీ వచ్చి ఎంతోమంది పోయారు. మిగిలినవాళ్ళు దానికి 'స్మాంగ్' అని పేరు పెట్టి, పిల్లలకి కథగా చెప్పారు, జోలపాటల్లో పెట్టారు. భూమి గట్టిగా ఊగితే, నీరు వెనక్కి పోతే, చేపల కోసం పరుగెత్తకు, కొండెక్కు. అంతే కథ. 2004 డిసెంబర్ 26న భూకంప కేంద్రానికి బాగా దగ్గరున్న చోట్లలో ఆ దీవి ఒకటి. దాదాపు 78 వేల మంది జనాభా. చనిపోయింది ఏడుగురు. సైరన్ లేదు, ఫోన్ మెసేజ్ లేదు. నానమ్మ చెప్పిన కథ ఉంది. అదే రోజు మన ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా పోయారు. మన దగ్గర ఆ కథ లేదు.

మనకి సునామీ కథ లేదు కానీ ఉప్పెన కథలు లేవా? 1864లో బందరు ఉప్పెనలో 30 వేల మంది పోయారని రాసుంది. 1977 నవంబర్ 19 దివిసీమ. ఈ సభలో అరవై దాటినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పదివేల మంది పైనే. ఊళ్ళకి ఊళ్ళు లేవు. ఆ రాత్రి తాడిచెట్టు పట్టుకుని బతికినవాళ్ళు ఇంకా ఉన్నారు. 1996 నవంబర్‌లో కోనసీమ తుఫాను, భైరవపాలెం వైపు వేటకెళ్ళినవాళ్ళు ఎంతమంది తిరిగి రాలేదు! ఇవన్నీ ఏటా పేపర్లో ఒకరోజు వస్తాయి. స్మారక స్తూపం దగ్గర దండ వేస్తారు. బడిలో పిల్లాడికి మాత్రం ఎవరూ చెప్పరు. గాలి ఎటునుంచి ఎటు తిరిగితే ఉప్పెన వస్తుందో, నీరు ఏ వైపు నుంచి ఊళ్ళోకి దూరిందో, ఏ దిబ్బ మీద మిగిలారో ఆ ఊరి పిల్లాడికి తెలియాలి కదా? ఆ దిబ్బ ఇప్పుడు రొయ్యల చెరువైపోయి ఉంటే, ఆ సంగతి ఇంకా ముందు తెలియాలి కదా?

ఇప్పుడు గుజరాత్ సంగతి ఒకటి చెప్తాను. దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో మనకి పనికొచ్చేది చాలా ఉంది. వేల్ షార్క్ తెలుసు కదా? ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. అంత పెద్దదీ ఎవరినీ ఏమీ చెయ్యదు, నోరు తెరుచుకుని సన్నటి జీవుల్ని వడకట్టి తింటుంది. సౌరాష్ట్ర తీరంలో, వెరావల్ వైపు, దాన్ని వందల సంఖ్యలో వేటాడేవాళ్ళు. కాలేయం నూనె పడవలకి పూసేవాళ్ళు, మాంసం ఎగుమతి అయ్యేది. 2001లో ప్రభుత్వం దాన్ని వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో, అంటే వేట పూర్తిగా నిషేధించిన జీవుల జాబితాలో పెట్టింది. చట్టం వచ్చింది. కానీ నడిసముద్రంలో వలకి చిక్కిన చేపకి చట్టం ఎలా తెలుస్తుంది? వల కోస్తే వేలకి వేలు నష్టం. ఎవరు కోస్తారు?

2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీ శాఖ, టాటా కెమికల్స్ కలిసి ఒక ప్రచారం మొదలుపెట్టాయి. రామకథ చెప్పే మొరారీ బాపు ఆ ప్రచారానికి ముందు నిలిచారు. జైలు, జరిమానా అని ఆయన చెప్పలేదు. ఇది పురుడుకి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల అన్నారు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లని ఎవరైనా చంపుతారా? అంతే. ఊరూరా వీధి నాటకాలు వేశారు, అసలు చేపంత పెద్ద గాలిబొమ్మని ఒడ్డు మీద నిలబెట్టారు. జాలరులు వలలు కోసి వదలడం మొదలైంది. ఇప్పటికి కొన్ని వందల చేపల్ని అలా వదిలారు.

కథ ఒక్కటే ఈ పని చేసిందని చెప్తే అది అబద్ధం. వల కోసినవాడికి అటవీ శాఖ పరిహారం ఇచ్చింది. మొదట్లో అధికారులు వచ్చి చూసేదాకా ఆగాల్సి వచ్చేది. తర్వాత జాలరుల చేతికే కెమెరాలు ఇచ్చారు. ఫొటో తీసి, వల కోసి, చేపని వదిలెయ్, ఫొటోయే సాక్ష్యం అన్నారు. ఇది గమనించండి. మనసుకి తాకే మాట ఒకటి, దాని వెనక నష్టం భరించే ఏర్పాటు ఒకటి, జాలరి మాటని నమ్మడం ఒకటి. మూడూ కలిస్తేనే పని జరిగింది. మన దగ్గర చాలా కార్యక్రమాల్లో మొదటిది ఒక్కటే ఉంటుంది. పోస్టరు వేస్తాం, ర్యాలీ తీస్తాం, టీషర్టులు పంచుతాం. మర్నాడు వల చిరిగినవాడికి ఎవరూ ఉండరు.

మనకి మాత్రం కథలు కరువా? శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం ఉంది. విష్ణుమూర్తిని కూర్మావతారంలో కొలిచే గుడి. గుడిలో తాబేళ్ళని పెంచుతారు. అక్కడికి కొద్ది దూరంలోనే సముద్రం. ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. తాము పుట్టిన తీరానికే తిరిగొస్తాయని శాస్త్రవేత్తలు చెప్తారు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల అనే మాట గుజరాత్‌కి ఎంత సరిపోయిందో మనకి అంతకంటే బాగా సరిపోతుంది. అయినా జనవరి, ఫిబ్రవరుల్లో మన ఒడ్డున చచ్చిన తాబేళ్ళు కొట్టుకొస్తూనే ఉన్నాయి. తాబేలు గాలి పీల్చే జీవి. మరబోటు నీళ్ళలో ఈడ్చుకెళ్ళే ట్రాల్ వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. దానికి వలలో అమర్చే కిటికీ లాంటి పరికరం ఉంది, కొచ్చిలో ఉన్న కేంద్ర సంస్థ మన వలలకి తగ్గట్టు తయారుచేసింది. పెట్టుకుంటే కొంత చేప కూడా జారిపోతుందని బోటువాళ్ళ బాధ. ఆ బాధ నిజమే, దాన్ని కొట్టిపారెయ్యకూడదు. కానీ ఆ పరికరం లేదనే కదా 2019 నుంచి మన సముద్రపు రొయ్యని అమెరికా కొనడం మానేసింది? బోటు ఓనరు, కళాసీ, అటవీ శాఖ, శ్రీకూర్మం గుడివాళ్ళు, నలుగురూ ఒక చోట కూర్చుని ఈ విషయం మాట్లాడుకోవాలని నా కోరిక. గుడి ఎందుకు అంటారా? ఆ గుడిలో చెప్పిన మాట ఊళ్ళో నిలుస్తుంది కాబట్టి.

కలిసి పనిచెయ్యడం అనేది ఎలా ఉంటుందో ఇంకొక ఉదాహరణ. రామేశ్వరం పక్కన పాంబన్‌లో 'కడల్ ఓసై' అని ఒక రేడియో ఉంది, 90.4 ఎఫ్ఎం. 2016లో మొదలైంది. జాలరుల కోసం, జాలరుల ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళే నడిపే రేడియో. గాలి ఎంత, అల ఎంత అని చెప్తారు, దాంతోపాటు పాత పాటలు, పెద్దవాళ్ళ అనుభవాలు. వాతావరణ సూచన కూడా ఇంట్లో మనిషి గొంతులో వస్తే వినేవాడు నమ్ముతాడు. మనకి ఇంత తీరం ఉంది, చిన్నప్పటి నుంచీ పుస్తకాల్లో 974 కిలోమీటర్లు అని చదువుకున్నాం. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఇలాంటి రేడియోలు ఒక అరడజను ఉంటే ఎలా ఉంటుంది?

ఇక మన హైదరాబాద్‌లో, సముద్రం లేని హైదరాబాద్‌లో, ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. సునామీ హెచ్చరికలు ఇచ్చేది వాళ్ళే. చేపలు ఎక్కడ ఉండే అవకాశముందో రోజూ సూచనలు ఇస్తారు, తెలుగులో కూడా ఇస్తారు. ఎలా చెప్పగలుగుతారు? ఉపగ్రహం నుంచి నీటి వేడిని, నీటి రంగుని చూస్తారు. నీళ్ళలో సన్నటి మొక్కలాంటి జీవులు ఎక్కువుంటే రంగు మారుతుంది. వాటి కోసం చిన్న చేప, చిన్న చేప కోసం పెద్ద చేప. ఇప్పుడు ఇక్కడున్న అన్నల్ని అడగండి, మీరు వల ఎక్కడ వెయ్యాలో ఎలా చూస్తారని. నీళ్ళ రంగు చూస్తాం అంటారు. పక్షులు ఎక్కడ వాలుతున్నాయో చూస్తాం అంటారు. మరి ఇద్దరూ చూస్తున్నది ఒకటే కదా? ఒకరు ఆకాశంలోంచి, ఒకరు తెప్ప మీంచి. మబ్బు పడితే ఉపగ్రహానికి కనిపించదు, తెప్ప మీద ఉన్నవాడికి కనిపిస్తుంది. తెప్ప మీద ఉన్నవాడికి యాభై మైళ్ళ అవతల కనిపించదు, ఉపగ్రహానికి కనిపిస్తుంది. వీళ్ళిద్దరూ వారానికి ఒక్కసారి మాట్లాడుకుంటే? 'మీరు చెప్పిన చోట ఇవాళ ఏం దొరకలేదు సార్, నీరు చల్లగా ఉంది' అని చెప్పే దారి ఉంటే? సమాచారం ఇప్పుడు పైనుంచి కిందకి వస్తోంది. కింద నుంచి పైకి వెళ్ళే దారి కూడా అంత బాగా ఉండాలి.

ఉప్పాడ గురించి చెప్పకుండా ఎలా ఉంటాను! కాకినాడ దాటగానే ఉప్పాడ. జాందానీ చీరలకి పేరు. తుఫాను వెలిసిన మర్నాడు ఉప్పాడ ఒడ్డుకి వెళ్తే, ఆడవాళ్ళు, పిల్లలు తడి ఇసుకలో వంగి వెతుకుతూ కనిపిస్తారు. బంగారం కోసం. దోసిట్లో ఇసుక ఎత్తి, వేలితో జరిపి, కళ్ళు చిట్లించి చూస్తారు. ఆవగింజంత రేకులు, చిన్న పూసలు నిజంగానే దొరుకుతాయి. ఎక్కడివి అంటే, సముద్రంలో కలిసిపోయిన గుళ్ళవి, పాత ఇళ్ళవి అంటారు. ఇళ్ళు కట్టేటప్పుడు పునాదిలో ఇంత బంగారం వేసేవాళ్ళు కదా, ఆ ఇళ్ళే అవి అంటారు. విలేకరులు ఏటా వచ్చి ఫొటో తీసుకుని వెళ్తారు. 'ఉప్పాడలో బంగారు వేట' అని వార్త.

నాకు ఆ వార్త చూస్తే బాధేస్తుంది. ఆ మాటలో ఉన్న అసలు సంగతి వదిలేస్తున్నారు. అక్కడ ఇళ్ళు ఉండేవి, గుళ్ళు ఉండేవి, వీధులు ఉండేవి అని ఆ ఊరు చెప్తోంది. ఒక ముసలామెను అడిగితే సముద్రం వైపు చెయ్యి చూపించి, అదిగో అక్కడ మా పెళ్ళి జరిగింది అంటుంది. అక్కడ అలలే ఉన్నాయి. 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలు చూసి, దేశంలో మూడో వంతు తీరం కోతకి గురైందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క చెప్పింది. ఉప్పాడ విషయంలో గోదావరి మీద ఆనకట్టల వల్ల ఇసుక రావడం తగ్గడం, హోప్ ఐలాండ్ పెరిగి అలల తీరు మారడం లాంటి కారణాలు చెప్తారు. గోడ కట్టారు, పెద్ద పెద్ద ఇసుక గొట్టాలు వేశారు. సరే. ఆ చిత్రాలు 1990 నుంచి ఉన్నాయి. అంతకుముందు? అంతకుముందు సంగతి ఆ ముసలామె దగ్గర ఉంది. ఆమెనీ, ఆ శాస్త్రవేత్తనీ పక్కపక్కన కూర్చోబెట్టి, మునిగిపోయిన ఉప్పాడకి వీధి వీధిగా ఒక పటం గీయించాలి. దాన్ని పంచాయతీ గోడ మీద పెట్టాలి. ఆ పటం ఉంటే రేపు కొత్త గోడ ఎక్కడ, ఇళ్ళ స్థలాలు ఎక్కడ అనే మాట వచ్చినప్పుడు ఊరు చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

చేపలమ్మే అమ్మల గురించి ఒక్క మాట. సముద్రం అనగానే మగవాళ్ళనే అడుగుతాం. తెల్లవారుజామున హార్బర్‌లో వేలం పాట దగ్గర నిలబడి చూడండి. కోనెం ఎంత, సందువ ఎంత, కవళ్ళు ఎంత, ఎక్కడి చేప, ఐసులో ఎన్ని రోజులు ఉంది, అన్నీ వాళ్ళకి చూడగానే తెలుస్తాయి. ఏ చేప చిన్నదైపోతోంది, ఏది రావడం మానేసింది, గంప ఎత్తుకున్న మనిషి కంటే బాగా ఎవరికి తెలుసు? పట్టిన చేపని లెక్క రాసుకునే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్ఆర్ఐ అంటారు, దాని కేంద్రం ఈ ఊళ్ళోనే ఉంది. ఆ లెక్కల పక్కన ఈ అమ్మల జ్ఞాపకాలు కూడా ఉండాలి. ఉంటే ఆ అంకెలు మనందరికీ అర్థమవుతాయి.

ఇవన్నీ చెయ్యడానికి కొన్ని షరతులున్నాయి. నేను పట్టుబట్టి చెప్తున్నాను. ఎవరి దగ్గర కథ తీసుకుంటే ముందు వాళ్ళకే వినిపించాలి. రికార్డు చేసుకుని వెళ్ళిపోయి, పుస్తకం వేసుకుని, డాక్టరేట్ తెచ్చుకుని, ఆ పేటకి మళ్ళీ రానివాళ్ళు చాలామంది ఉన్నారు. పేటల్లో ఆ కోపం ఉంది, అది న్యాయమైన కోపం. రెండోది, రాళ్ళ గుర్తులు లాంటివి బతుకుతెరువుకి సంబంధించిన రహస్యాలు. చెప్పొద్దు అంటే రాయకూడదు. చెప్పినా ఎక్కడ ఉందో బయటపెట్టకూడదు, లేకపోతే పెద్ద బోట్లు వెళ్ళి ఆ రాయిని ఊడ్చేస్తాయి. మూడోది డబ్బు. ఒక జాలరి రోజంతా కూర్చుని చెప్తే అది పని. పనికి కూలి ఇవ్వాలి. శాస్త్రవేత్తకి టీఏ, డీఏ ఇస్తున్నప్పుడు ఆయనకి శాలువా ఒక్కటే కప్పి పంపడం ఏం మర్యాద?

వచ్చే ఏడాది మళ్ళీ ఏప్రిల్ 15 వస్తుంది. మళ్ళీ 61 రోజులు. బడులకీ అప్పుడే సెలవులు మొదలవుతాయి. పేటలో తాతలు ఖాళీ, పిల్లలు ఖాళీ. పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. ఈ సభలో ఉన్న మాష్టార్లని అడుగుతున్నాను, ఒక్కో పేటకి ఇద్దరు చాలు, పూనుకుంటారా? యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్ళని అడుగుతున్నాను, మీరు వారానికో రోజు అక్కడికి వెళ్ళి కూర్చుంటారా? మీ దగ్గరికి వాళ్ళని పిలవడం కాదు, మీరు వెళ్ళాలి. ఎవరెవరు వస్తారో ఇవాళ ఇక్కడే పేర్లు రాసుకుందాం, కాగితం అటునుంచి తిప్పుతున్నారు.

నాకిచ్చిన టైము అయిపోయింది. హార్బర్ నుంచి వచ్చిన అమ్మలు కొందరు మాట్లాడతామన్నారు, తర్వాత పెదజాలారిపేట పెద్దలు. బాబూ, ఆ మైకు కొంచెం అటు ఇవ్వండి.